ఫీజు రసీదు కింద ఏ ఇంజిన్ ఉంది?

సంపాదకులకు నమస్కారం.

బడులు, సహకార సంఘాలు, చిన్న ఆసుపత్రులు కొత్త సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు అమ్మేవాళ్లను తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "డేటాబేస్ ఏది?" "మైఎస్‌క్యూఎల్ అండీ, ఓపెన్ సోర్స్, లైసెన్సు ఖర్చు ఉండదు" అని జవాబు వస్తుంది. బేరం అక్కడినుంచి ధర మీదికి పోతుంది. ఆ జవాబు సగమే అని చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాం. మైఎస్‌క్యూఎల్ బయటికి కనిపించే కౌంటరు లాంటిది. వెనక గోదాములో సరుకు సర్దేది, లెక్క పెట్టేది స్టోరేజ్ ఇంజిన్. కరెంటు పోతే ఏం మిగులుతుంది, ఒకరు రాస్తుంటే ఇంకొకరు ఆగాలా, మార్చేసిన రో (టేబుల్‌లో ఒక వరస) పాత రూపం ఎక్కడికి పోతుంది అన్నవన్నీ తేల్చేది ఆ ఇంజినే.

ఒక ఫీజు కౌంటరు తీసుకోండి. విద్యార్థి 4,500 రూపాయలు కట్టాడు. గుమాస్తా ఒక్క బటన్ నొక్కగానే సాఫ్ట్‌వేర్ మూడు టేబుళ్లు ముట్టుకుంటుంది: రసీదుల టేబుల్‌లో కొత్త రో, విద్యార్థి బాకీలో కోత, ఆ రోజు నగదు పుస్తకంలో జమ. మూడూ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు. దీన్నే ట్రాన్సాక్షన్ అంటాం.

మైఎస్‌క్యూఎల్‌లో చాలాకాలం డిఫాల్ట్‌గా ఉన్న మైఐసామ్ ఇంజిన్‌కు ఈ ట్రాన్సాక్షన్ అన్న ఊహే లేదు. రసీదు రాశాక, బాకీ తగ్గించేలోపు కరెంటు పోతే రసీదు ఉంటుంది, బాకీ కూడా అలాగే ఉంటుంది. మధ్యలో ఎర్రర్ వచ్చి ప్రోగ్రాం రోల్‌బ్యాక్ (చేసినదాన్ని వెనక్కి తీయడం) అడిగినా రాసింది రాసినట్టే ఉండిపోతుంది. ఇంకా ప్రమాదం, రెండు ఇంజిన్లు కలిసిపోయిన డేటాబేస్‌ది. రసీదు ట్రాన్సాక్షన్లున్న ఇన్నోడీబీ అనే ఇంజిన్‌లో, బాకీ మైఐసామ్‌లో ఉంటే రోల్‌బ్యాక్ రసీదును తీసేస్తుంది, బాకీ కోతను మాత్రం వదిలేస్తుంది. అంటే డబ్బు కట్టినట్టు రుజువు పోయింది, బాకీ మాత్రం తగ్గింది. అప్పుడు సర్వర్ 1196 నంబరు హెచ్చరిక ఒకటి ఇస్తుంది. ఆ హెచ్చరికను పట్టుకుని గుమాస్తాకు చూపించే సాఫ్ట్‌వేర్ బహు అరుదు.

మైఐసామ్‌లో డేటా ఒక ఫైల్లో, ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పెట్టుకునే సూచిక) మరో ఫైల్లో ఉంటాయి. రాసింది డిస్క్‌కు చేరిందా లేదా అని ఈ ఇంజిన్ కనిపెట్టి చూడదు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు వదిలేస్తుంది. కరెంటు పోయి వచ్చాక ఈ రెండు ఫైళ్లకూ పొత్తు కుదరకపోతే "టేబుల్ క్రాష్ అయింది, రిపేర్ చేయాలి" అన్న సందేశం వస్తుంది. రిపేర్ చేస్తే టేబుల్ తెరుచుకుంటుంది కానీ, చదవలేని రోలను అది వదిలేస్తుంది. ఎన్ని వదిలేసిందో రిపేర్‌కు ముందు, తర్వాత రోల సంఖ్య పోల్చి చూసుకోవాలి. పైగా తాళం పడేది టేబుల్ మొత్తానికి: ఒకరు మారుస్తుంటే ఇంకొకరు చదవలేరు, ఒకరు చదువుతుంటే ఇంకొకరు మార్చలేరు. ఆడిటర్ ఏడాది రిపోర్టు తీస్తుంటే ఫీజు కౌంటరు దగ్గర క్యూ ఆగిపోయేది ఇందుకే. ఫారిన్ కీ (ఒక టేబుల్‌లోని విలువ ఇంకో టేబుల్‌లో ఉండి తీరాలన్న షరతు) రాసినా ఒప్పుకున్నట్టే ఒప్పుకుని పక్కన పడేస్తుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు. లేని విద్యార్థి పేర రసీదు పుట్టడానికి ఇది చాలు.

ఈ పాత సంగతులన్నీ ఇప్పుడెందుకు అనుకోవద్దు. 2010 డిసెంబరులో పూర్తిస్థాయిలో విడుదలైన 5.5 వెర్షన్‌తో డిఫాల్ట్ ఇన్నోడీబీ అయింది, నిజమే. కానీ టేబుల్ తయారుచేసే పాత స్క్రిప్టులో ఇంజిన్ పేరు మైఐసామ్ అని స్పష్టంగా రాసి ఉంటే, దాన్ని 8.0 మీద నడిపినా మైఐసామ్ టేబులే తయారవుతుంది. స్క్రిప్టులు తరాలు మారినా అలాగే కాపీ అవుతూ వస్తాయి.

ఇన్నోడీబీని రాసింది ఫిన్లాండ్‌కు చెందిన హైకీ తూరి. ఆయన సంస్థ ఇన్నోబేస్‌ను 2005లో ఒరాకిల్ కొన్నది. 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ మైఎస్‌క్యూఎల్‌ను కొన్నది. 2010లో ఆ సన్‌నే ఒరాకిల్ కొనడంతో ఇంజిన్, కౌంటరు రెండూ ఒకే యజమాని చేతికి వచ్చాయి. ఆ కొనుగోలు కబురుతోనే 2009లో మైఎస్‌క్యూఎల్ సృష్టికర్తల్లో ఒకరైన మైకేల్ విడేనియస్ మారియాడీబీని విడిగా మొదలుపెట్టారు. మారియాడీబీలోనూ ప్రధాన ఇంజిన్ ఇన్నోడీబీయే.

అదే ఫీజు ఇన్నోడీబీలో ఎలా జమ అవుతుందో చూడండి. బాకీ రో ఉన్న 16 కేబీ పేజీని (డిస్క్ నుంచి ఒకేసారి తెచ్చే ముక్కను) బఫర్ పూల్ అనే మెమరీలోకి తెచ్చుకుంటుంది. పాత విలువను అండూ లాగ్‌లో దాస్తుంది, కొత్త విలువను అదే రోలో రాస్తుంది, జరిగిన మార్పును రీడూ లాగ్‌లో నమోదు చేస్తుంది. కమిట్ (ఇక ఖాయం) అనగానే డిస్క్ మీదికి తప్పనిసరిగా చేరేది రీడూ లాగ్ ఒక్కటే. పేజీలు తర్వాత తీరిగ్గా వెళ్తాయి. కరెంటు వచ్చాక రీడూ చదివి కమిటైనవాటిని మళ్లీ జరిపిస్తుంది, కమిట్ కానివాటిని అండూ చూసి వెనక్కి తీస్తుంది. 16 కేబీ పేజీ డిస్క్‌కు వెళ్తుండగా సగంలో కరెంటు పోతే పేజీ చిరిగిపోతుంది. సగం కొత్తది, సగం పాతది అయిన పేజీ మీద రీడూ పనిచేయదు. అందుకని ప్రతి పేజీని ముందు డబుల్‌రైట్ అనే చోట ఒకసారి రాసి, తర్వాత అసలు చోట రాస్తుంది. "స్పీడ్ పెరుగుతుంది, డబుల్‌రైట్ తీసేయండి" అనే సలహా ఎక్కడైనా కనిపిస్తే, మీ డిస్క్, ఫైల్ సిస్టమ్ 16 కేబీని ఒక్క గుక్కలో రాస్తాయన్న హామీ ఉంటే తప్ప పాటించకండి.

ఇలాంటిదే ఇంకో సలహా ఉంది: ఇన్నోడీబీ ఫ్లష్ లాగ్ ఎట్ టీఆర్ఎక్స్ కమిట్ అనే సెట్టింగును 1 నుంచి 2కు మార్చమని. 1 అయితే ప్రతి కమిట్‌కూ రీడూ లాగ్ డిస్క్ దాకా వెళ్తుంది. 2 అయితే ఆపరేటింగ్ సిస్టమ్ దాకా వెళ్లి, సెకనుకొకసారి డిస్క్ చేరుతుంది. కరెంటు పోతే సుమారు చివరి సెకను కమిట్లు గల్లంతు. రసీదు ప్రింటై విద్యార్థి చేతిలో ఉంటుంది, డేటాబేస్‌లో మాత్రం ఉండదు. డబ్బు లెక్కలకు 1 తప్ప ఇంకేదీ పెట్టకూడదు. వేగం చాలకపోతే ముందు బఫర్ పూల్ చూడండి. అది డిఫాల్ట్‌గా 128 ఎంబీ మాత్రమే. 16 జీబీ మెమరీ ఉన్న సర్వర్ కొని, ఈ అంకెను ముట్టుకోకుండా వదిలేస్తే ఆ డబ్బు వృథా. డేటాబేస్‌కే కేటాయించిన మిషన్ అయితే 9 లేదా 10 జీబీ ఇవ్వవచ్చు.

ఇన్నోడీబీ టేబుల్ మొత్తం ప్రైమరీ కీ (ప్రతి రోకూ ఉండే ప్రత్యేక గుర్తింపు) వరసలో పేర్చిన చెట్టు. మిగతా ప్రతి ఇండెక్స్‌లోనూ ప్రైమరీ కీ విలువ ఒక కాపీ ఉంటుంది. కాబట్టి కీ పొడవైన కొద్దీ అన్ని ఇండెక్సులూ ఉబ్బుతాయి. 8 బైట్ల అంకెకు బదులు 36 అక్షరాల యూయూఐడీని (కంప్యూటర్ పుట్టించే పొడవాటి గుర్తింపును) టెక్స్ట్‌గా పెట్టారనుకోండి. ఒక్కో నమోదుకు 28 బైట్లు అదనం. కోటి రోలు, 5 ఇండెక్సులు ఉంటే 140 కోట్ల బైట్లు, అంటే 1.4 జీబీ, కీ కాపీలకే. పైగా యూయూఐడీ సాధారణంగా వరసగా రాదు కనుక కొత్త రో ప్రతిసారీ చెట్టు మధ్యలో ఎక్కడో దూరుతుంది, పేజీలు చీలుతాయి. అసలు ప్రైమరీ కీ ఇవ్వకపోతే, పనికొచ్చే యూనిక్ కీ కూడా లేకపోతే ఇన్నోడీబీ కనిపించని 6 బైట్ల కీ ఒకటి తనే పెట్టుకుంటుంది. అది మీ క్వెరీలకు (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలకు) ఏ రకంగానూ అక్కరకు రాదు.

పోస్ట్‌గ్రెస్ అనే మరో ఓపెన్ సోర్స్ డేటాబేస్ దారి పూర్తిగా వేరు. 1986లో బర్క్‌లీలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ మొదలుపెట్టిన ప్రాజెక్టు నుంచి వచ్చింది ఇది. దీనిలో బాకీ మార్చడం అంటే పాత రోను దిద్దడం ఉండదు. కొత్త బాకీతో ఇంకో రో రాసి, పాతదాని మీద "ఫలానా ట్రాన్సాక్షన్‌తో చెల్లిపోయింది" అని గుర్తు పెడుతుంది. అందువల్ల ఆడిటర్ రిపోర్టు పాత రోను, కౌంటరు కొత్త రోను ఏకకాలంలో చూడగలుగుతాయి. రోల్‌బ్యాక్ క్షణంలో పని. ఇన్నోడీబీలో అరగంట నడిచిన పెద్ద అప్‌డేట్‌ను రద్దు చేస్తే అండూ అంతా తిరగదోడాలి కాబట్టి అది కూడా చాలాసేపు పడుతుంది. ఓపిక పట్టలేక సర్వర్ ఆపేస్తే మళ్లీ మొదలయ్యాక మిగతా రద్దు పని కొనసాగుతుందే తప్ప తప్పించుకోలేరు.

ఈ సుఖానికి పోస్ట్‌గ్రెస్ తీసుకునే మూల్యం చెత్త. చెల్లిపోయిన రోలు అదే టేబుల్‌లో పడి ఉంటాయి. వాటిని ఊడ్చే పని వాక్యూమ్‌ది. ఆటోవాక్యూమ్ తనంతట తనే నడుస్తుంది, అయితే ఎప్పుడు లేస్తుందో లెక్క కట్టండి: 50 రోలు, దానికి తోడు టేబుల్‌లో 20 శాతం. కోటి రోల టేబుల్ అయితే 20 లక్షల చచ్చిన రోలు పోగయ్యేదాకా లేవదు. పెద్ద టేబుల్‌కు ఆ శాతాన్ని (సెట్టింగు పేరు స్కేల్ ఫ్యాక్టర్) విడిగా 0.02, అంటే 2 శాతం చేస్తే 2 లక్షలకే లేస్తుంది. "ఆటోవాక్యూమ్ వల్ల స్లో అవుతోంది" అని దాన్ని ఆపేసేవాళ్లున్నారు. అది చీపురు దాచేసి ఇల్లు శుభ్రంగా ఉండాలనుకోవడమే. అసలు దోషి తరచూ ఇంకొకటి: బిగిన్ అని ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి కమిట్ చెప్పకుండా గంటల తరబడి తెరిచి ఉంచిన కనెక్షన్. అది చూడగలిగే పాత రోలను వాక్యూమ్ ముట్టుకోలేదు. ప్రస్తుత కనెక్షన్లను చూపే పీజీ స్టాట్ యాక్టివిటీలో "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్" అని కనిపించేవి అవే. అలాంటివాటిని తెంపే టైమౌట్ సెట్టింగు డిఫాల్ట్‌గా సున్నా, అంటే పనిచేయదు. 10 నిమిషాలు పెట్టండి. ఇన్నోడీబీలోనూ ఇదే జబ్బు ఉంది, అక్కడ చెత్త అండూలో పెరుగుతుంది. ఇంజిన్ స్టేటస్‌లో హిస్టరీ లిస్ట్ లెంగ్త్ అన్న అంకె లక్షల్లోకి పోతుంటే అదే లక్షణం.

పోస్ట్‌గ్రెస్‌లో కొత్త రో పుట్టింది కాబట్టి, మారని కాలమ్‌ల ఇండెక్సుల్లో కూడా కొత్త నమోదు పడాల్సి వస్తుంది. 2016లో ఉబర్ ఇంజినీర్లు పోస్ట్‌గ్రెస్ నుంచి మైఎస్‌క్యూఎల్‌కు మారడానికి చెప్పిన కారణాల్లో ఇది ముఖ్యమైనది. దీనికి విరుగుడు లేకపోలేదు. ఇండెక్స్ ఉన్న కాలమ్ ఏదీ మారకుండా, అదే 8 కేబీ పేజీలో ఖాళీ ఉంటే ఇండెక్సుల జోలికి పోకుండా పని ముగిస్తుంది. దీన్ని హాట్ అప్‌డేట్ అంటారు. తరచూ మారే బాకీ టేబుల్‌కు ఫిల్‌ఫ్యాక్టర్ (పేజీని ఎంత శాతం నింపాలన్న సెట్టింగు) 100 నుంచి 90కి తగ్గించి, "చివరిగా మార్చిన సమయం" లాంటి కాలమ్ మీద అక్కర్లేని ఇండెక్స్ తీసేస్తే చాలా మేలు జరుగుతుంది.

పోస్ట్‌గ్రెస్ ట్రాన్సాక్షన్లకు ఇచ్చే నంబర్లు 32 బిట్లవి కావడం ఇంకో చిక్కు. సుమారు 200 కోట్ల ట్రాన్సాక్షన్ల వయసు దాటితే గతం భవిష్యత్తులా కనిపిస్తుంది. అందుకని 20 కోట్ల వయసుకు చేరిన టేబుల్‌ను, ఆటోవాక్యూమ్ ఆపేసి ఉన్నా సరే, పోస్ట్‌గ్రెస్ బలవంతంగా ఊడుస్తుంది. దాన్నీ ఎవరో అడ్డుకుంటూ ఉంటే, ఇటీవలి వెర్షన్లలో ఇంకా 4 కోట్లు మిగిలి ఉండగా హెచ్చరికలు మొదలవుతాయి, 30 లక్షలకు వచ్చేసరికి కొత్తగా రాయడమే మానేస్తుంది. ఒక చిన్న బడికి ఈ స్థితి రాకపోవచ్చు. వేల శాఖలున్న సంస్థకు రావచ్చు.

పోస్ట్‌గ్రెస్‌లో రెండు సెట్టింగులను చాలామంది కలగాపులగం చేస్తారు. సింక్రనస్ కమిట్ (లాగ్ డిస్క్ చేరేదాకా కమిట్ ఆగడం) ఆఫ్ చేస్తే కరెంటు పోయినప్పుడు చివరి సెకనులోపు కమిట్లు కొన్ని పోతాయి, మిగతా డేటాబేస్ చెక్కుచెదరదు. ఎఫ్‌సింక్ (రాసింది నిజంగా డిస్క్ చేరేలా చూడడం) ఆఫ్ చేస్తే డేటాబేస్ మొత్తమే పాడు కావచ్చు. రెండోదాన్ని ఏ కారణంతోనూ ఆఫ్ చేయవద్దు.

మా మొగ్గు ఎటో దాచం. కొత్తగా మొదలుపెట్టే లెక్కల సాఫ్ట్‌వేర్‌కు పోస్ట్‌గ్రెస్ మేలని మా అభిప్రాయం. కారణం టేబుల్ మార్పులు. కొత్త వెర్షన్ ఎక్కించేటప్పుడు 12 టేబుళ్లకు కాలమ్‌లు చేర్చాలనుకోండి. పోస్ట్‌గ్రెస్‌లో ఆ 12 మార్పులనూ ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టవచ్చు. ఏడోది విఫలమైతే అన్నీ వెనక్కి పోతాయి. మైఎస్‌క్యూఎల్‌లో ప్రతి టేబుల్ మార్పూ దానంతటదే కమిట్ అవుతుంది. ఏడోది ఆగితే మొదటి ఆరు మారిపోయి, సాఫ్ట్‌వేర్ పాతదీ కాక కొత్తదీ కాక మధ్యలో నిలబడుతుంది. అయితే వాక్యూమ్ సంగతి చూసే మనిషి లేని చోట, సిబ్బందికి మైఎస్‌క్యూఎల్ అలవాటైన చోట ఇన్నోడీబీ హాయిగా సరిపోతుంది.

ఒకే మిషన్, ఒకే కౌంటరు అయితే ఎస్‌క్యూలైట్ చాలు. 2000లో రిచర్డ్ హిప్ మొదలుపెట్టారు. సర్వరే లేదు, డేటాబేస్ అంతా ఒక ఫైలు. ట్రాన్సాక్షన్లు పక్కాగా ఉంటాయి. ఒక సమయంలో రాసేది ఒక్కరే. ఆ ఫైల్‌ను షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి నాలుగు మిషన్ల నుంచి తెరవడం మాత్రం చేయకూడని పని. నెట్‌వర్క్ మీద ఫైల్ తాళాలు నమ్మకంగా పనిచేయవు, ఫైలు పాడవుతుంది. ఫారిన్ కీ తనిఖీ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుందని, ప్రతి కనెక్షన్‌లోనూ ఆన్ చేయాలని గుర్తుంచుకోండి. ఫేస్‌బుక్ నుంచి వచ్చిన రాక్స్‌డీబీ అనే ఇంజిన్, దాని మీద మైఎస్‌క్యూఎల్ కోసం కట్టిన మైరాక్స్ డిస్క్‌ను బాగా ఆదా చేస్తాయి, వరదలా వచ్చే రాతలను తట్టుకుంటాయి. కానీ మైరాక్స్‌లో ఫారిన్ కీలు లేవు. ఫీజుల లెక్కకు దాని అవసరం లేదు.

తెలుగు పేర్ల సంగతి వేరుగా చెప్పాలి. అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ (హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు వేర్వేరు కోడ్లు) ఒక్కొక్కటి 3 బైట్లు. "లక్ష్మి" కంటికి రెండక్షరాలు, డేటాబేస్‌కు 7 కోడ్లు, 21 బైట్లు. "వెంకటలక్ష్మీనరసింహాచార్యులు" 27 కోడ్లు. పేరు కాలమ్ వర్‌చార్ 20, అంటే 20 కోడ్ల దాకా అని పెడితే ఆయన పేరు పట్టదు. కొత్త సెట్టింగుల్లో ఎర్రర్ వస్తుంది, పాతవాటిలో పేరు నిశ్శబ్దంగా తెగిపోతుంది. తెలుగుకు వర్‌చార్ 100 పెట్టండి. తెలుగు అక్షరాలకు చోటే లేని పాత లాటిన్1 కాలమ్‌లో తెలుగు పడితే ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది, వాటినుంచి అసలు పేరు రాబట్టే దారి లేదు. వరస కూడా చూసుకోవాలి. కోడ్ల క్రమంలో సర్దితే ళ అనేది ల పక్కకు, ఱ అనేది ర పక్కకు వస్తాయి, మన వర్ణమాలలో లాగా చివరికి పోవు. కొలేషన్ (అక్షరాలను పోల్చే, వరసపెట్టే నియమాలు) ఎంచుకునేముందు "పంది", "పది" సమానమా అని ఆ డేటాబేస్‌నే ఒక సెలెక్ట్‌తో అడగండి. సమానం అని జవాబొస్తే ఆ కొలేషన్ తెలుగు పేర్లకు పనికిరాదు. పోస్ట్‌గ్రెస్‌లో ఇంకో జాగ్రత్త: వరసను అది లినక్స్ లైబ్రరీ నుంచి తెచ్చుకునేలా పెట్టి ఉంటే, ఆ లైబ్రరీ మారినప్పుడు టెక్స్ట్ ఇండెక్సులు తప్పవుతాయి. 2018లో వచ్చిన ఆ లైబ్రరీ వెర్షన్ జీలిబ్‌సీ 2.28తో ఇదే జరిగింది. ఉన్న రో దొరకదు, యూనిక్ కాలమ్‌లో ఒకే విలువ రెండుసార్లు చొరబడుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ పెద్ద వెర్షన్ మారిస్తే టెక్స్ట్ ఇండెక్సులన్నీ రీఇండెక్స్ చేయాలి, అంటే మళ్లీ కట్టాలి.

ఇప్పటికే మైఎస్‌క్యూఎల్ నడుస్తున్నవాళ్లు ముందుగా డేటాబేస్ తన టేబుళ్ల వివరాలు ఉంచే ఇన్ఫర్మేషన్ స్కీమాలోని టేబుల్స్ పట్టికలో ఇంజిన్ కాలమ్ మైఐసామ్ అని ఉన్నవాటిని లిస్టు తీయండి. సిస్టమ్ టేబుళ్లను వదిలేయండి. ఆల్టర్ టేబుల్‌తో ఇంజిన్ మారిస్తే టేబుల్ మొత్తం కొత్తగా తయారవుతుంది, అంతసేపు దానిలో రాయడం కుదరదు. పాత టేబుల్ ఫైళ్లకు కనీసం రెండు రెట్ల ఖాళీ డిస్క్ ఉంచుకుని రాత్రిపూట, చిన్న టేబుళ్లతో మొదలుపెట్టండి. ఆటో ఇంక్రిమెంట్ (తనంతట పెరిగే నంబరు) కాలమ్ ఏ ఇండెక్స్‌లోనూ మొదటిది కాకపోతే ఇన్నోడీబీ ఒప్పుకోదు, ముందే దాని మీద ఒక ఇండెక్స్ చేర్చాలి. మార్చాక టేబుల్ మొత్తం రోల లెక్క అడిగే క్వెరీలు మందగిస్తాయి. మైఐసామ్ ఆ అంకెను రాసిపెట్టుకుంటుంది, ఇన్నోడీబీ ప్రతిసారీ లెక్కపెడుతుంది. తెర మీద ఊరికే చూపించే ఆ మొత్తాన్ని తీసేయడమే ఉత్తమం.

బ్యాకప్‌లో కూడా ఇంజిన్ అడ్డుపడుతుంది. మైఎస్‌క్యూఎల్ బ్యాకప్ తీసే మైఎస్‌క్యూఎల్‌డంప్‌లో సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ ఇన్నోడీబీ టేబుళ్లనే ఒకే క్షణపు చిత్రంగా తీస్తుంది. పక్కనే మైఐసామ్ టేబుల్ ఉంటే అది డంప్ జరుగుతుండగా మారిపోతుంది, రసీదులకూ బాకీలకూ పొత్తు కుదరదు. కలగలుపు డేటాబేస్‌కు అన్ని టేబుళ్లకూ తాళం వేసే ఆప్షన్ వాడక తప్పదు. పోస్ట్‌గ్రెస్ బ్యాకప్ తీసే పీజీ డంప్‌కు ఈ బాధ లేదు, కానీ అది యూజర్లను, వాళ్ల పాస్‌వర్డులను తీసుకోదు. వాటికి పీజీ డంప్ ఆల్‌ను గ్లోబల్స్ ఓన్లీ ఆప్షన్‌తో విడిగా నడపాలి. ఎస్‌క్యూలైట్‌లో వాల్ మోడ్ (మార్పులను ముందు వేరే ఫైల్లో రాసే పద్ధతి) ఉంటే ప్రధాన ఫైల్‌తో పాటు వాల్ ఫైలు కూడా డేటాలో భాగమే. మొదటిది ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే చివరి మార్పులు రావు. దాని బ్యాకప్ కమాండ్ వాడండి. నడుస్తున్న సర్వర్ డేటా ఫోల్డర్‌ను కాపీ పేస్ట్ చేయడం ఏ ఇంజిన్‌లోనూ బ్యాకప్ కాదు.

సాఫ్ట్‌వేర్ కొంటున్న సంస్థలు కొనుగోలు ఆర్డరులో ఈ నాలుగు వాక్యాలు చేర్చుకోవచ్చు: "లెక్కలకు సంబంధించిన ప్రతి టేబుల్ ట్రాన్సాక్షన్లున్న ఇంజిన్‌లో ఉండాలి. ఇంజిన్ పేరుతో టేబుళ్ల జాబితా ఇవ్వాలి. ఫీజు జమ అవుతుండగా సర్వర్ ప్లగ్ పీకి, మళ్లీ పెట్టి, రసీదు, బాకీ, నగదు పుస్తకం మూడూ సరిపోయాయని మా ఎదుట చూపించాలి. నిన్నటి బ్యాకప్‌ను వేరే మిషన్ మీద ఎక్కించి తెరవాలి." బిల్లు చెల్లించేది ఆ తర్వాతే.

ఇట్లు,
ఇద్దరు డేటాబేస్ నిర్వాహకులు,
గుంటూరు.